రాజుల కథలు ఎనిమిది శుక్రవారాల్లో: మా పెరంబూరు కూడిక పద్ధతి

విల్లివాక్కంలో ఉండే ఒక చెల్లెలు పోయిన నెల ఫోన్ చేసింది. "అక్కా, మా ఇంటి బైబిల్ కూడికలో సమూయేలు, రాజులు గ్రంథాలు మొదలుపెడదామంటున్నారు. మీ ఇంట్లో చేశారటగా, ఎలా చేశారో చెప్పండి" అంది. చెప్పడం మొదలుపెట్టాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి గానీ విషయం సగం కూడా కాలేదు. అందుకే రాసి పెడుతున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను పాస్టరమ్మను కాను, బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు. రైల్వే అకౌంట్సులో 31 ఏళ్లు ఓచర్లు చూసి రిటైరయ్యాను. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? రాజుల గ్రంథం తెరిచినా నా కన్ను అదే వెతుకుతుంది: ఈ అధికారం ఎవరిచ్చారు, ఎంతవరకు ఇచ్చారు, ఇతను ఎంత వాడేశాడు, అడిగిన మనిషి ఎవరు. ఈ నాలుగు ప్రశ్నలూ పాత క్యాలెండర్ అట్ట వెనక రాసి గోడకు తగిలించాను. ఎనిమిది వారాలూ అదే మా సిలబస్. మీరూ అలాగే తగిలించండి. మాట పక్కదారి పట్టినప్పుడు వేలితో చూపిస్తే చాలు.

మా కూడికకు పది పన్నెండు మంది వస్తారు. మెస్ నడిపే నెల్లూరు దంపతులు, ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో కోచ్‌లకు వెల్డింగ్ చేసి రిటైరైన ఒక పెద్దాయన, కింద పోర్షన్ అమ్మాయి, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు. ఇక్కడ మీకు ఒక చిక్కు వస్తుంది. మద్రాసులో పుట్టిన మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరాలు రావు. కొందరు ఫోన్లో తమిళ బైబిల్ చదువుతారు, కొందరు ఇంగ్లీషు. వద్దనకండి. పెద్దవాళ్లు తెలుగులో ఒకసారి చదివాక, ఒక పిల్ల తమిళంలోనో ఇంగ్లీషులోనో చదవాలి. తర్వాత ఎవరైనా ఒకరు పుస్తకం మూసేసి, ఇంట్లో మాట్లాడే తెలుగులో ఆ కథ చెప్పాలి. "చేయుదును, పోవుదును" అన్నంతసేపు కథ గాజు పెట్టెలో ఉంటుంది. "వాడొచ్చి పిల్లల్ని పట్టుకుపోతాడంట" అనగానే బయటికొస్తుంది.

మూడు భాషల వల్ల ఒక లాభం కూడా ఉంది. తమిళంలో కర్తర్ అని ఉన్నచోట, ఇంగ్లీషులో లార్డ్ అని ఉన్నచోట మన తెలుగులో యెహోవా అని పేరే ఉంటుంది. రాజు ఎవరు అన్న తగువులో ఇది చిన్న సంగతి కాదు. తగువులో ఒక పక్షం దావీదు, అహాబు లాంటి రాజులు. రెండో పక్షానికీ పేరు ఉంది.

ఇంకొకటి మొదటి రోజే చెప్పేయండి. యూదుల హెబ్రీ బైబిల్లో యెహోషువ, న్యాయాధిపతులు, సమూయేలు, రాజులు, ఈ నాలుగూ చరిత్ర అనే అరలో ఉండవు. "పూర్వ ప్రవక్తలు" అనే అరలో ఉంటాయి. అంటే సింహాసనం కథను ప్రవక్త వైపు నుంచి చెబుతున్నారన్నమాట. ఇది తెలిస్తే "ఇంత గొప్ప రాజు గురించి రెండే వాక్యాలేంటి?" అన్న ప్రశ్న సగం తీరిపోతుంది.

మొదటి రాజు సౌలుతో మొదలుపెట్టకండి. నేను మొదటిసారి ఆ తప్పే చేశాను, రాజు అనేవాడు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అయిపోయింది. మొదటి శుక్రవారం న్యాయాధిపతులు 8, 9 అధ్యాయాలు చదవండి. యుద్ధం గెలిపించిన గిద్యోనును జనం "నువ్వూ, నీ కొడుకూ, నీ మనవడూ మమ్మల్ని ఏలండి" అంటారు. నేను ఏలను, నా కొడుకూ ఏలడు, యెహోవాయే ఏలుతాడు అంటాడు గిద్యోను. అందరూ "ఆహా" అంటారు. అననివ్వండి. తర్వాత నాలుగు వాక్యాలు కిందికి దిగండి: దోపుడు సొమ్ములో బంగారు పోగులు అడిగి తీసుకున్నాడు, 1,700 తులాలు. ఒక కొడుక్కి అబీమెలెకు అని పేరు పెట్టాడు. ఆ పేరుకు అర్థం "మా నాన్న రాజు". కుర్చీ వద్దన్న మనిషి కొడుక్కి పెట్టిన పేరది! మా వెల్డింగ్ పెద్దాయన అరనిమిషం నవ్వి, "మా యూనియన్లో ఇట్టాంటోళ్లని చూశానమ్మా" అన్నారు.

ఆ అబీమెలెకు 70 మంది అన్నదమ్ములను చంపించి రాజవుతాడు. తప్పించుకున్న చిన్నవాడు యోతాము గెరిజీము కొండ ఎక్కి చెప్పే చెట్ల కథ పిల్లల చేత చదివించండి. ఒలీవ, అంజూరం, ద్రాక్ష, మూడూ మా పని మాకుంది పొమ్మంటాయి. ముండ్లపొద మాత్రం ఒప్పుకుని, "రండి, నా నీడలో చేరండి" అంటుంది. నేను ఇక్కడ ఆగి, "మే నెల మధ్యాహ్నం పెరంబూరు స్టేషన్ బయట నిలబడ్డారనుకోండి, ముండ్లపొద నీడ ఎంత వస్తుంది?" అని అడిగాను. ఇక వివరణ అక్కర్లేకపోయింది.

రెండో వారం 1 సమూయేలు 8, మాకు రాజు కావాలని జనం ప్రవక్త సమూయేలును అడిగే అధ్యాయం. అందరికీ పెన్సిళ్లు ఇవ్వండి. రాజు ఏం చేస్తాడో సమూయేలు చెప్పే 11 నుంచి 17 వరకు వాక్యాల్లో "తీసుకుంటాడు" అనే అర్థం వచ్చిన ప్రతి మాట కింద గీత గీయమనండి. తెలుగు అనువాదంలో చోటును బట్టి మాట మారుతుంది గానీ హెబ్రీలో ఒకటే క్రియ, లకహ్, నాలుగుసార్లు వస్తుంది. కొడుకులను తీసుకుంటాడు రథాలకు. కూతుళ్లను తీసుకుంటాడు వంటకు, రొట్టెలకు. పొలాలు, ద్రాక్షతోటలు తీసుకుంటాడు. పనివాళ్లను, గాడిదలను తీసుకుంటాడు. పంటలో పదోవంతు, మందలో పదోవంతు. మెస్ ఆయన ఇక్కడ, "పదోవంతేనా ఆంటీ? మా షాపు అద్దెతో పోలిస్తే ఈ రాజు నయం" అన్నాడు. నవ్వులైపోయాక నేను అడిగింది ఇది: ఈ పట్టికలో నేరం ఎక్కడుంది? సైన్యం, వంటశాల, భూములు, పన్ను, అంతా మామూలు పరిపాలనే. దొంగ రాజు గురించి కాదు, పద్ధతిగల రాజు గురించే సమూయేలు హెచ్చరిస్తున్నాడు. అలాగని సమూయేలును దేవుణ్ణి చేయకండి. అధ్యాయం మొదట్లోనే ఆయన కొడుకులు లంచాలు మేసినట్టు రాసి ఉంది. జనం అడగడానికి కారణం లేకపోలేదు. ఆ మూడు వాక్యాలు దాటేసి "జనం దేవుణ్ణి వద్దన్నారు" అని మాత్రమే చెప్పే బోధ నాకు నచ్చదు. అది సగం ఓచరు.

మూడో వారం నాకు పండగ. ఒక తెల్ల కాగితాన్ని నిలువుగా మడిచి రెండు వరుసలు చేయించండి. ఎడమ వైపు ద్వితీయోపదేశకాండము 17లో రాజుకు పెట్టిన హద్దులు: గుర్రాలు ఎక్కువ పెంచుకోకూడదు, వాటి కోసం జనాన్ని ఐగుప్తుకు (ఈజిప్టుకు) పంపకూడదు, భార్యలు ఎక్కువమంది ఉండకూడదు, వెండి బంగారాలు కూడబెట్టకూడదు. కుడి వైపు 1 రాజులు 10, 11 అధ్యాయాల్లో సొలొమోను లెక్క: రథాలు 1,400, గుర్రాలు ఐగుప్తు నుంచి, భార్యలు 700, ఉపపత్నులు 300, ఒక్క ఏడాది వచ్చిన బంగారం 666 తలాంతులు (అది పాతకాలపు తూకం). బంగారం దగ్గర పిల్లలు తికమకపడతారు. ఇంగ్లీషులో టాలెంట్లు ఉంటాయి, మన పాత తెలుగు బైబిల్లో మణుగులు. ముందే చూసి పెట్టుకోండి, లేకపోతే అరగంట అక్కడే పోతుంది, నాకు పోయింది. ఆలయం కట్టడానికి 7 ఏళ్లు, సొంత నగరు, అంటే రాజభవనం, కట్టుకోవడానికి 13 ఏళ్లు అన్న రెండు అంకెలు కూడా కుడి వైపే రాయించండి. ఎవరినీ వ్యాఖ్యానించమనక్కర్లేదు. కాగితం విప్పి పక్కపక్కన చూస్తే చాలు. అంకెలు వేసిన రచయితకు తెలుసు తానేం వేస్తున్నాడో.

ద్వితీయోపదేశకాండంలో రాజు చేయకూడనివి బోలెడు, చేయవలసింది మాత్రం ఒక్కటి: ధర్మశాస్త్రాన్ని తన కోసం ఒక ప్రతి రాసుకుని, బతికినన్నాళ్లూ చదువుకోవాలి. చుట్టుపక్కల దేశాలతో పోల్చి చూపండి. బబులోనులో హమ్మురాబి రాయించిన రాతిస్తంభం మీద పైన సూర్యదేవుడి ఎదుట రాజు బొమ్మ ఉంటుంది, కింద ఉన్న చట్టం రాజు చట్టం. సీనాయి దగ్గర చట్టం వచ్చేనాటికి ఇశ్రాయేలుకు రాజే లేడు. తర్వాత వచ్చినవాడు నకలు రాసుకునే గుమాస్తా. ఇంటికి వెళ్లి ఆ 7 వాక్యాలూ చేత్తో రాసుకు రమ్మన్నాను. కింద పోర్షన్ అమ్మాయి తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొచ్చింది. తప్పులు దిద్దలేదు.

నాలుగో వారానికి ఎక్కువ టైమ్ పెట్టుకోండి, సుండల్ (గుగ్గిళ్లు) కూడా ఎక్కువ చేయండి. 2 సమూయేలు 11, 12, దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబను తీసుకున్న కథ. మళ్లీ పెన్సిళ్లు. ఈసారి "పంపు" అనే మాట. దావీదు సేనాపతి యోవాబును యుద్ధానికి పంపుతాడు, తాను యెరూషలేములో ఉండిపోతాడు. ఆ స్త్రీ ఎవరని పంపి అడుగుతాడు. దూతలను పంపి ఆమెను తీసుకుంటాడు. ఆమె కబురు పంపుతుంది. ఊరియాను పంపమని యోవాబుకు కబురు పంపుతాడు, యోవాబు పంపుతాడు. చివరికి ఊరియాను చంపించే ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపుతాడు. లెక్కపెడితే ఒకరికి తొమ్మిది వచ్చాయి, ఒకరికి పదకొండు. పోట్లాడుకోనివ్వండి, అలా పోట్లాడుకుంటూనే గట్టిగా చదువుతారు. రాజంటే ఏమిటో ఆ క్రియలో ఉంది: తాను కదలడు, మనుషులు కదులుతారు. ఇక 12వ అధ్యాయం మొదటి వాక్యం చదివించండి. యెహోవా ప్రవక్త నాతానును పంపాడు. అధ్యాయమంతా పంపిన మనిషి వాకిట్లోకి పైనుంచి పంపిన మనిషి వచ్చాడు.

రెండో వారం గీసిన గీత గుర్తుందా? "తీసుకున్నాడు". బత్షెబ దగ్గర అదే లకహ్. నాతాను చెప్పిన కథలో ధనవంతుడు బీదవాడి గొర్రెపిల్లను తీసుకున్నచోటా అదే. పాత కాగితం తెచ్చి పక్కన పెట్టి చూపించాను. కాలేజీ కుర్రాడు, "ఆంటీ, సమూయేలు చెప్పింది సౌలు గురించనుకున్నాం, దావీదు గురించా?" అన్నాడు. నేను ఏమీ అనలేదు.

నాతాను పద్ధతి కూడా గమనించమనండి. నేరుగా నిలదీయలేదు, ఒక కేసు తెచ్చి తీర్పు అడిగాడు. రాజు పెద్ద న్యాయమూర్తి కదా, మండిపడి తీర్పు చెప్పేశాడు. అప్పుడు "ఆ మనుష్యుడవు నీవే". ఈ మాట తెలుగులో మూడే పదాలు. చదివేవాళ్లతో మెల్లగా చదివించండి.

ఈ వారమే ఒక గొడవ వస్తుంది, సిద్ధంగా ఉండండి. ఎవరో ఒకరు "అభిషిక్తుల్ని ముట్టకూడదు, దైవసేవకుల్ని ప్రశ్నించకూడదు" అంటారు. మా ఇంట్లో అన్నారు. అన్నావిడ నొచ్చుకోకుండా రెండు చోట్లు చూపించాను. ఒకటి కీర్తనలు 105, 14, 15 వాక్యాలు. ఆ హెచ్చరిక ఎవరికి? రాజులకు. ఎవరి తరఫున? ఊరూరూ తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల తరఫున. పైనున్నవాడికి గొడుగు పట్టడానికి వాడుతున్న వాక్యం నిజానికి పైనున్నవాడికి చేసిన హెచ్చరిక. రెండోది 1 సమూయేలు 24. ఏన్గెదీ గుహలో దావీదు సౌలును చంపలేదు, నిజమే. పైవస్త్రం చెంగు కోసి, బయటికొచ్చి, సౌలు మనుషులందరూ వినేలా నిలదీశాడు. చెయ్యి ఎత్తకపోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు. ఆవిడ ఆ రోజు ఒప్పుకోలేదు, తర్వాతి వారం మాత్రం వచ్చారు.

ఐదో వారం సొలొమోను కొడుకు రెహబాము, 1 రాజులు 12. త్వరగా అయిపోతుంది. పన్నులు, వెట్టి తగ్గించమని జనం అడిగితే పెద్దల మాట కాదని తోటి కుర్రాళ్ల మాట విని, మా నాన్న కొరడాలతో కొడితే నేను తేళ్లతో కొడతానంటాడు. పది గోత్రాలు లేచిపోతాయి. ఒక్క వాక్యం దగ్గర ఆగండి, 18. జనం తిరగబడ్డాక వాళ్ల దగ్గరికి రాజు పంపింది ఎవరిని? వెట్టి పనుల మీద అధికారినే. రాళ్లతో కొట్టి చంపారు.

ఆరో వారం నాబోతు. యెజ్రెయేలులో నగరు పక్కనున్న నాబోతు ద్రాక్షతోట ఇశ్రాయేలు రాజు అహాబుకు కూరతోట కోసం కావాలి. దీనికన్నా మంచి తోట ఇస్తాను, లేదా డబ్బిస్తాను అంటాడు. మా వాళ్లలో సగం మంది, "రేటు బాగానే ఉందిగా, ఇచ్చేస్తే పోయేది" అన్నారు. మద్రాసులో అద్దె ఇళ్లలో ఉంటున్నవాళ్లం, అలాగే అనిపిస్తుంది. అప్పుడు లేవీయకాండము 25:23 తీయించండి: భూమి నాది, మీరు నా దగ్గర ఉంటున్న పరదేశులు అంటాడు యెహోవా. నాబోతు లెక్కలో ఆ తోట తాను అమ్మగల సొత్తు కాదు. అహాబు మంచమెక్కి ముఖం తిప్పుకుని అన్నం మానేశాడు. భార్య యెజెబెలు వచ్చి "ఇశ్రాయేలును ఏలేది నువ్వేనా?" అంటుంది.

ఇక్కడ నా పాత ఉద్యోగం అక్కరకొచ్చింది. యెజెబెలు చేసిన పనిని ఒక ఫైలులా చదివించండి. రాజు పేర ఉత్తరాలు ఉన్నాయి, ముద్ర ఉంది. ఊరి పెద్దలకు వెళ్లాయి. ఉపవాసం చాటించారు. ధర్మశాస్త్రం అడిగినట్టే సాక్షులు ఇద్దరు, ఒక్కరు కాదు. నేరారోపణ ఉంది, దేవుణ్ణీ రాజునూ దూషించాడని. శిక్ష ఊరి బయట అమలైంది. నేను సర్వీసులో చూసిన చాలా ఫైళ్ల కంటే ఇది శుభ్రంగా ఉంది. ఒక్క కాగితం తక్కువ లేదు, మనిషి మాత్రం చచ్చిపోయాడు. అప్పుడు ప్రవక్త ఏలీయా వచ్చి అడిగేది కాగితాల గురించి కాదు: చంపావా, స్వాధీనం కూడా చేసుకున్నావా?

చరిత్ర ఇష్టమున్న పిల్లలుంటే ఇదొక్కటి చెప్పండి. అష్షూరు (అస్సీరియా) రాజు మూడవ షల్మనేసెరు చెక్కించిన రాయి ఒకటి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 853లో కర్కరు దగ్గర తనను ఎదిరించిన రాజుల్లో అహాబు 2,000 రథాలు, 10,000 మంది సైనికులతో వచ్చాడని అందులో రాయించాడు. బైబిల్లో ఆ యుద్ధం ఊసే లేదు. 2,000 రథాలు వదిలేసి ఒక కూరతోటకు అధ్యాయం మొత్తం ఇచ్చారు.

ఏడో వారం ప్రవక్తలు. మూడు చిన్న భాగాలు చాలు. 1 రాజులు 22లో 400 మంది ప్రవక్తలు రాజుకు నచ్చింది చెబితే, నచ్చనిది చెప్పిన మీకాయాకు జైలు. ఆమోసు 7లో బేతేలు యాజకుడు అమజ్యా, ఇది రాజుగారి గుడి, ఇక్కడ మాట్లాడకు అంటాడు. మేడిపండ్ల పని చేసుకునే ఆమోసు మాట్లాడతాడు. యిర్మీయా 36లో చలికాలం, కుంపటి ముందు యూదా రాజు యెహోయాకీము. యిర్మీయా రాయించిన గ్రంథపు చుట్టలో మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి నిప్పులో వేస్తాడు, అది మొత్తం కాలిపోయేదాకా. యిర్మీయా మళ్లీ చెప్పి రాయించాడు, ఇంకా కొన్ని మాటలు కలిపి.

చివరి వారానికి ముందు ఒక జాగ్రత్త. మొదటిసారి నేను ఈ పాఠాలు పెట్టింది ఎన్నికల సీజన్లో. అహాబు అనగానే ఒకరు ఒక నాయకుడి పేరు అన్నారు, ఇంకొకరు ఇంకో పేరు. గొంతులు లేచాయి, ఎవరో "అధికారులకు లోబడండి" అనే రోమా 13 విసిరారు. కాఫీ తాగకుండానే ఇద్దరు వెళ్లిపోయారు, రెండు వారాలు కూడిక లేదు. అప్పటినుంచి మా రూలు: అధ్యాయం పూర్తయ్యేదాకా బతికున్న నాయకుల పేర్లు ఎత్తకూడదు, రోమా 13 దాకా దూకకూడదు. మెట్లు దిగాక ఎవరిష్టం వాళ్లది.

ఈ రూలు ఎనిమిదో వారం బాగా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ యిర్మీయా 27లో దేవుడు బబులోను రాజు నెబుకద్నెజరును "నా సేవకుడు" అంటాడు, యెషయా 45లో పారసీక రాజు కోరెషును "అభిషిక్తుడు" అంటాడు. దావీదుకు వాడిన మాటే! "అయితే గెలిచినవాళ్లందరూ దేవుడు పంపినవాళ్లేనా?" అని తప్పకుండా అడుగుతారు. పక్క వాక్యాలు చూపించండి. బబులోను కాలమూ వచ్చి తీరుతుందని అదే యిర్మీయా అదే అధ్యాయంలో అంటాడు. సేవకుడికి సర్వీసు గడువుంది. కోరెషుతో "నువ్వు నన్ను ఎరగకపోయినా" అంటాడు యెషయా. ఎరగడన్నది నిజమే: 1879లో బబులోనులో దొరికిన కోరెషు మట్టి సిలిండర్ మీద, తనను ఎన్నుకున్నది మర్దూకు దేవుడని ఉంది.

ముగించేటప్పుడు 2 రాజులు చివరి నాలుగు వాక్యాలు చదవండి, ప్రార్థన తర్వాత చూద్దాంలే అని వదిలేయకండి. 18 ఏళ్ల వయసులో మూడు నెలలు ఏలి, చెరపట్టబడిన యూదా రాజు యెహోయాకీను, చెరలోకి వెళ్లిన 37వ ఏట జైలు నుంచి బయటికొస్తాడు. బబులోను రాజు బల్ల దగ్గర భోజనం, రోజువారీ బత్తెం. దావీదు వంశం కథ ఆ పుస్తకంలో ఒక అలవెన్సు దగ్గర ఆగుతుంది. బబులోను నగరు శిథిలాల్లో దొరికిన మట్టిపలకలు కొన్ని 1939లో అచ్చయ్యాయి. నూనె ఎవరెవరికి ఎంత ఇచ్చారో గుమాస్తాలు రాసుకున్న పద్దులవి. అందులో యూదా రాజు యెహోయాకీను పేరుంది, అతని ఐదుగురు కొడుకులకు ఇచ్చిన నూనె కూడా ఉంది. అది చదివి వినిపిస్తే మా పెద్దాయన అడిగిన ప్రశ్న ఒకటే, "సంతకం ఎవరిదమ్మా?" అని.